నీ లాప్‌టాప్‌కి ఏ ఎక్స్‌టెన్షన్లు కావాలంటే

హన్మకొండ

దోస్తూ,

బ్రౌజర్‌లో ఏమేం ఎక్స్‌టెన్షన్లు, అంటే దానికి అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాములు, వేసుకోవాలో చెప్పమన్నావు. ఫోన్‌లో చెప్తే నువ్వు వినవు, రెండో నిమిషానికే జగిత్యాల ముచ్చట్లు మొదలుపెడతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. చెల్లెను, పిల్లలను అడిగానని చెప్పు.

అన్నిటికన్నా ముందు వేయాల్సింది యూబ్లాక్ ఆరిజిన్. ఇది ప్రకటనలను ఆపుతుంది. మా బామ్మర్ది ఎనుమాముల మార్కెట్ మిర్చి ధర చూద్దామని ఏదో సైట్ తెరుస్తాడు. ధర ఒక మూలన చిన్నగా ఉంటుంది, చుట్టూ ఆకుపచ్చ 'డౌన్‌లోడ్' బటన్లు. వాటిలో అసలుది ఒక్కటీ ఉండదు, అన్నీ ప్రకటనలే. హాల్ టికెట్ల కోసం, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ఫలితాల కోసం పిల్లలు తెరిచే సైట్లలోనూ ఇదే గోల. యూబ్లాక్ వేస్తే ఆ బటన్లు చాలావరకు మాయమైతాయి, పేజీ కూడా తొందరగా తెరుచుకుంటుంది. దీన్ని రేమండ్ హిల్ అనే ఆయన 2014లో మొదలుపెట్టాడు. పైసా తీసుకోడు, విరాళాలు కూడా అడగడు. పేరు పూర్తిగా చూసుకో, చివర 'ఆరిజిన్' ఉండాలి. ఉత్త 'యూబ్లాక్' అని ఇంకోటి ఉంది, అది వేరేవాళ్ళది.

నువ్వు క్రోమే వాడతా అంటావని తెలుసు. అక్కడ ఒక చిక్కుంది. గూగుల్ ఎక్స్‌టెన్షన్ల రూల్స్ మార్చింది. ఇదివరకు పేజీ తెప్పించుకునే ప్రతి ముక్కనూ యూబ్లాక్ తానే చూసి ఆపేది. ఇప్పుడు ఏమేం ఆపాలో ముందే జాబితా రాసి బ్రౌజర్ చేతిలో పెట్టాలి, ఆపే పని బ్రౌజరే చేస్తుంది. దాంతో 2025 నాటికి క్రోమ్‌లో అసలు యూబ్లాక్ ఆరిజిన్ ఆగిపోయింది. 'యూబ్లాక్ ఆరిజిన్ లైట్' అని తేలికపాటిది దొరుకుతుంది, మామూలు వాడకానికి అది చాలు. కానీ నన్నడిగితే ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్‌కి మారిపో. అందులో అసలుదే నడుస్తుంది. పైగా ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు వేయలేం, ఫైర్‌ఫాక్స్‌కి వేయొచ్చు.

రెండోది బిట్‌వార్డెన్, పాస్‌వర్డ్లు దాచిపెట్టేది. అన్ని చోట్లా ఒకటే పాస్‌వర్డ్, అదీ పెద్దోడి పేరు, వెనకాల పుట్టిన సంవత్సరం! నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. ఇది ఒక్కో సైట్‌కి ఒక్కో గట్టి పాస్‌వర్డ్ తయారు చేసి దాచిపెడుతుంది, నువ్వు ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. నాకు ఇంతకన్నా నచ్చింది ఇంకోటుంది. అది పాస్‌వర్డ్ నింపే ముందు సైట్ అడ్రస్ చూస్తుంది. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి దొంగ సైట్ పెడితే మన కన్ను పట్టుకోకపోవచ్చు, బిట్‌వార్డెన్ మాత్రం అక్కడ తనంతట తాను పాస్‌వర్డ్ చూపించదు. ఎప్పుడూ చూపించేది ఇప్పుడెందుకు చూపించట్లేదు అనిపించిందంటే అక్కడే ఆగి అడ్రస్ చూడు. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీవాళ్ళు కూడా చెప్పలేరు. కాగితం మీద రాసి చెల్లెకు ఇవ్వు, బీరువాలో పట్టుచీరల కింద పెడుతుంది.

డార్క్ రీడర్ రాత్రిపూట తెల్ల పేజీలను నల్లగా చేస్తుంది, కళ్ళకు హాయి. నువ్వు బళ్ళో పాఠాలు చెప్పేవాడివి కాబట్టి సింగిల్‌ఫైల్ కూడా పనికొస్తుంది. పేజీని బొమ్మలతో సహా ఒకే ఫైల్‌గా దాచిపెడుతుంది, నెట్ లేకపోయినా క్లాసులో తెరిచి చూపించొచ్చు. అంతే, ఇంక వద్దు.

తెలుగు టైపింగ్‌కి, పీడీఎఫ్‌కి, ట్యాబులను నిద్రపుచ్చడానికి కూడా ఎక్స్‌టెన్షన్లు వేసుకొమ్మని మీ స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు చెప్తారు. అవసరం లేదు. విండోస్‌లో 2019 నుంచే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. పేజీని పీడీఎఫ్ చేయాలంటే కంట్రోల్-పీ కొడితే చాలు. ట్యాబుల సంగతికి క్రోమ్‌లోనే మెమరీ సేవర్ పెట్టారు.

ట్యాబుల సంగతి వచ్చింది కాబట్టి గ్రేట్ సస్పెండర్ కథ చెప్పాలి. వాడని ట్యాబులను పడుకోబెట్టే మంచి ఎక్స్‌టెన్షన్ అది, లక్షల మంది వేసుకున్నారు. 2020లో దాన్ని తయారుచేసినాయన ఇంకెవరికో అప్పగించేశాడు. కిరాణా కొట్టు చేతులు మారినా బోర్డు అదే ఉన్నట్టు, జనానికి తేడా కనిపించలేదు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాంట్లో మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉందని చెప్పి స్టోర్ నుంచి తీసేసింది. అందుకే నేను ఎంత తక్కువ వేసుకుంటే అంత మంచిదంటాను.

వేసేటప్పుడు ఒక చిన్న పెట్టె వస్తుంది, చూడకుండా ఓకే కొట్టకు. 'అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు' అని ఉంటే, నీ బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది. యూబ్లాక్ కూడా ఆ పర్మిషనే అడుగుతుంది, దాని పనే అది కాబట్టి తప్పదు. క్యాలెండర్ చూపించేదానికి, వాల్‌పేపర్ మార్చేదానికి అదెందుకు? అలాంటివి వదిలెయ్. అయినా కావాలనిపిస్తే, క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి వెళ్ళి, క్లిక్ చేసినప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టుకోవచ్చు.

ఇంకోటి. నువ్వు కొన్నది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కదా. పాత ఓనర్ ఏమేం వేసి వదిలాడో మొదట చూడు. బ్రౌజర్‌లో పైన కుడివైపు పజిల్ ముక్క లాంటి గుర్తు నొక్కితే కనిపిస్తాయి. అతని గూగుల్ ఖాతా ఇంకా లాగిన్‌లో ఉంటే అది కూడా తీసెయ్, లేకపోతే నువ్వు తీసేసిన ఎక్స్‌టెన్షన్లు ఆ ఖాతా నుంచి సింక్ అయి మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. ఏది ఉంచాలో తెలియకపోతే ఆ లిస్టు ఫొటో తీసి వాట్సాప్ చెయ్. ఆదివారం ఖాళీగానే ఉంటా, చూసి చెప్తా.

నీ దోస్తు