గీత దాటేది ఒకరు, గెలిపించేది జట్టు

సంపాదకుల వారికి నమస్కారం.

టూర్ డి ఫ్రాన్స్ జరిగే రోజుల్లో మన దినపత్రికల క్రీడా పేజీలో సైక్లింగ్‌కు దక్కేది నాలుగు లైన్లు. అందులోనూ ఫలానా రైడర్ మెరుపు వేగంతో గెలిచాడన్న మాటే ఉంటుంది. 2024 జూలై 3న మార్క్ కావెండిష్ టూర్‌లో తన 35వ స్టేజ్ (ఒక రోజు పోటీ) గెలిచి, అత్యధిక స్టేజ్ విజయాల్లో ఎడ్డీ మెర్క్స్ రికార్డును దాటినప్పుడు కూడా అంతే. స్ప్రింటర్‌ను, అంటే ఆఖర్లో ఒక్కసారిగా దూసుకెళ్లి గెలిచే రైడర్‌ను, చివరి రెండు వందల మీటర్ల దాకా ముందుండి గాలికి అడ్డుగా తొక్కుతూ తీసుకొచ్చే లీడౌట్ రైడర్ పేరు ఎక్కడా అచ్చు కాదు. కరకట్ట మీద, అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డులో ఆదివారాలు తెల్లవారుజామున తొక్కే కుర్రాళ్లు ఆ నాలుగు లైన్లే చదివి, స్ప్రింటంటే కిలోమీటరు ముందు నుంచే తల వంచుకుని తొక్కెయ్యడం అనుకుంటున్నారు.

అసలు లెక్క గాలిది. వేగంగా వెళ్తున్నప్పుడు ముందువాడి చక్రానికి అర మీటరు లోపు అంటిపెట్టుకుని తొక్కితే దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. 68 కిలోమీటర్ల వేగంలో 200 మీటర్లకు పట్టేది పదకొండు సెకన్ల లోపే. ఆ కాసేపు వెయ్యి వాట్లకు పైగా కొట్టాలంటే అప్పటిదాకా కాళ్లలో సత్తువ దాచుకోవాలి. దాచిపెట్టేది జట్టు.

టూర్‌లో జట్టుకు ఎనిమిది మంది. బ్రేక్‌అవే (గుంపును వదిలి ముందుకు తప్పించుకుపోయిన రైడర్లు) వెంట పడటానికి ఒకరిద్దరు ముందే అలిసిపోతారు. చివరి మూడు కిలోమీటర్లకు స్ప్రింటర్ ముందు ముగ్గురో నలుగురో మిగిలితే ట్రెయిన్ (ఒకరి వెనక ఒకరుగా తొక్కే జట్టు వరస) బాగున్నట్టే. ఒక్కొక్కరు ఆరేడు వందల మీటర్లు లాగి పక్కకు తప్పుకుంటారు. ఆఖరివాడు సుమారు 500 మీటర్ల దగ్గర అందుకుని 200 దాకా తెస్తాడు.

ఇక్కడే ఎక్కువగా చెడేది. ముందువాడు తప్పుకోగానే కొత్తగా ముందుకొచ్చినవాడు ఉత్సాహం ఆపుకోలేక ఒక్కసారిగా వేగం పెంచుతాడు. వెనక రెండు మీటర్ల సందు పడుతుంది. ఆ సందు పూడ్చడానికి స్ప్రింటర్ తన ఆఖరి దెబ్బలో సగం అక్కడే ఖర్చు చేసేస్తాడు. ముందుకొచ్చినవాడు వేగం పెంచనక్కర్లేదు, ఉన్న వేగం నిలబెడితే చాలు. అడ్డు పోయి గాలి నేరుగా తగులుతుంది కాబట్టి అదే వేగానికి వాట్లు ఎలాగూ ఎక్కువ కావాలి. తప్పుకునేవాడు కూడా ఉన్నట్టుండి కాళ్లు ఆపేస్తే వెనకవాళ్లు వచ్చి గుద్దుకుంటారు. నెమ్మదిగా పక్కకు జరిగి, తొక్కుతూనే, తన గీత మీదే వెనక్కి జారాలి.

రెండో తప్పు తొందర. ఫినిష్‌కు ఐదు కిలోమీటర్లు ఉండగానే ముందుకెళ్లిన జట్టుకు చివరి కిలోమీటరు బోర్డు దగ్గర మనుషులు మిగలరు. వెనక నుంచి ఇంకో ట్రెయిన్ ఊపు మీద దాటిపోతుంది, స్ప్రింటర్ బారికేడ్ల పక్కన ఇరుక్కుపోతాడు. ఎదురుగాలైతే 150 మీటర్ల దాకా ఆగాలి, వెనకగాలైతే 250 దగ్గరే సీటు మీంచి లేచి స్ప్రింట్ మొదలుపెట్టవచ్చు. గాలి కుడి నుంచి కొడుతుంటే స్ప్రింటర్ లీడౌట్ రైడర్‌కు ఎడమ వైపు నుంచి బయటికి రావాలి. లీడౌట్ రైడర్ ఆ చోటు ముందే వదిలిపెట్టి ఉండాలి.

గేర్ సంగతి కూడా చెప్పాలి. ముందు పెడళ్ల దగ్గర 54 పళ్ల గేర్, వెనక చక్రం దగ్గర 11 పళ్ల గేర్ పెట్టి 68 కిలోమీటర్ల వేగంలో వెళ్తే పెడల్ నిమిషానికి సుమారు 110 సార్లు తిరుగుతుంది. మన కుర్రాళ్లు 45 కిలోమీటర్ల వేగం దగ్గరే వెనక 11 పళ్లకు దించేసి, పెడల్ బరువెక్కి ఊపు చంపుకుంటున్నారు. ఒకటి రెండు పళ్లు తేలిక గేర్‌లో లేచి, వేగం అందాకే దించాలి.

2009లో పారిస్‌లోని షాంజెలీజే మీద టూర్ ఆఖరి స్టేజ్ మళ్లీ చూడండి. చివరి మలుపు నుంచి కావెండిష్ లీడౌట్ రైడర్ మార్క్ రెన్షా ఎంత వేగంగా లాగాడంటే, కావెండిష్ మొదట గీత దాటితే, లాగిన రెన్షాయే రెండో స్థానంలో వచ్చాడు. 2023 టూర్‌లో స్ప్రింటర్ యాస్పర్ ఫిలిప్సెన్ గెలిచిన నాలుగు స్టేజ్‌లలో మొదటి రెంటికీ ముందుండి తెచ్చింది మథ్యూ వాన్ డెర్ పూల్. అదే ఏడాది ఆగస్టులో ప్రపంచ చాంపియన్ అయిన రైడర్ అతను! అంతటివాడు ఇంకొకరి కోసం గాలి మోశాడంటే ఆ పనికి ఎంత విలువ ఉందో ఆలోచించండి. ఫలితంతో పాటు లీడౌట్ రైడర్ పేరు కూడా వేయమని మీ క్రీడా విభాగాన్ని కోరుతున్నాను. ఒక్క లైను చాలు.

విజయవాడ, గుంటూరుల్లో పోటీలు పెట్టే నిర్వాహకులకూ ఒక మాట. 2020లో పోలాండ్ టూర్‌లో కటోవిట్సె ఫినిష్ దిగుడు రోడ్డు మీద పెట్టారు. స్ప్రింటర్ గ్రోనెవేగన్ తన గీత వదిలి పక్కకు జరగడంతో ఇంకో స్ప్రింటర్ యాకబ్సెన్ బారికేడ్లలోకి ఎగిరిపడి కోమాలోకి వెళ్లాడు. గ్రోనెవేగన్‌పై తొమ్మిది నెలల నిషేధం పడింది. అందుకే ఫినిష్‌కు ముందు కనీసం 400 మీటర్లు తిన్నగా, సమతలంగా ఉన్న రోడ్డు ఎంచుకోండి. సర్కిల్ దాటగానే గీత గీయకండి. బారికేడ్ల కాళ్లు రోడ్డు మీదికి పొడుచుకు రాకుండా చూడండి. గీత దాటాక కూడా 150 మీటర్లు ఖాళీగా ఉంచి, ఫొటోలు తీసేవాళ్లను ఆ దూరం అవతలే నిలబెట్టండి.

– ఒక సైక్లింగ్ శిక్షకుడు,
పటమట, విజయవాడ