దారి చూపే పెట్టెకు గేటు సంగతి తెలియదు

సంపాదకుడికి,

శ్రీశైలం, అహోబిలం, మంత్రాలయాలకు యాత్రికులను తిప్పే కర్నూలు కారు డ్రైవర్‌ని నేను. కార్లలో వస్తున్న జీపీఎస్ మీద నాకు కోపమేమీ లేదు. హైదరాబాద్‌లో కొత్త కస్టమర్ ఇల్లు పట్టుకోవాలంటే అదే దిక్కు. ఇదివరకైతే ప్రతి మలుపులో అద్దం దించి పాన్‌షాపు వాళ్లను అడగాల్సి వచ్చేది. నా గొడవంతా నల్లమల దారి గురించే.

దోర్నాల-శ్రీశైలం ఘాట్ రోడ్డు పులుల అభయారణ్యం గుండా పోతుంది కాబట్టి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేస్తారు. వేయాల్సిందే. కానీ సాయంత్రం ఆరున్నరకు కర్నూలు దాటే బయటి ఊరి బండికి తెర మీద కనిపించేది సుమారు 180 కిలోమీటర్లు, చేరే టైము పదిన్నర, అంతే! ఈమధ్య నేను కొండ దిగి దోర్నాలలో టీ తాగుతుంటే రాయచూరు కారు ఒకటి వచ్చి ఆగింది. వెనక సీట్లో కాళ్లు వాచిన ముసలావిడ, ఒడిలో చంటిబిడ్డ ఏడుపు. ఆ డ్రైవర్ గేటు దగ్గరి మనిషికి తెర చూపించి "ఇంకా 50 కిలోమీటర్లే కదా సార్" అని ఒకటే బతిమాలుకున్నాడు. గేటు తీస్తారా?

ఉపగ్రహం పైనుంచి అన్నీ చూస్తోందని చాలామంది అనుకుంటారు. అదేం లేదు. కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ అందితే బండి ఎక్కడుందో పెట్టె లెక్క కట్టుకుంటుంది, అంతవరకే. రోడ్డయినా గేటయినా మ్యాపులో ఎవరో ఒకరు ఎక్కించాల్సిందే. అడవిలో ఫోన్ సిగ్నల్ పోతే తాజా సమాచారం రాదు, బాణం గుర్తు మాత్రం హాయిగా ముందుకు పోతూనే ఉంటుంది. అసలు చిక్కు అక్కడే.

వానాకాలంలో నంద్యాల వైపు ఇంకో తంటా. దగ్గర దారని నల్లరేగడి పొలాల బాటలోకి తిప్పుతుంది. టైరు దిగబడ్డాక ట్రాక్టరాయన అడిగిందే రేటు.

ఘాట్ రోడ్లు మూసే వేళలు, వానకు నీళ్లు నిలిచే రైల్వే అండర్‌బ్రిడ్జిల వివరాలను సంబంధిత శాఖలు మ్యాపు కంపెనీలకు పంపాలి, మారినప్పుడల్లా పంపాలి. అంతకన్నా ముందు దోర్నాల గేటు వేళలను కర్నూలు పొలిమేరలో ఒకచోట, ఆత్మకూరులో ఒకచోట పెద్ద బోర్డుల మీద తెలుగులోనూ కన్నడలోనూ రాయించాలి. ఉగాదికి కర్ణాటక భక్తులు వేలల్లో వస్తారు. ఆత్మకూరులోనే తెలిస్తే రాత్రికి అక్కడే గది చూసుకుంటారు.

- ఒక టాక్సీ డ్రైవర్, కర్నూలు