పరిశోధనల పేరు చెప్పి ఉబ్బసం ప్యాకేజీ అమ్మిన సంస్థకు ఫిర్యాదు లేఖ

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ప్రకృతి వైద్య, హోమియో చికిత్సాలయాల నిర్వహణ సంస్థ,
హైదరాబాద్.

విషయం: హనుమకొండ శాఖలో ఉబ్బసం చికిత్స, కరపత్రంలోని తప్పుదోవ పట్టించే ప్రకటనలు, ఇన్‌హేలర్ మాన్పించడంపై ఫిర్యాదు.

ఆర్యా,

మీ హనుమకొండ శాఖలో మా అమ్మాయికి ఉబ్బసం కోసం తీసుకున్న ఆరు నెలల హోమియో ప్యాకేజీ గురించి, దాన్ని మాకు అమ్మడానికి మీ సిబ్బంది చేతికిచ్చిన కరపత్రం గురించి ఈ ఫిర్యాదు రాస్తున్నాను. హోమియోపతిని నమ్మి వాడేవారు మా బంధువుల్లోనే చాలామంది ఉన్నారు, వారి నమ్మకంతో నాకు పేచీ లేదు. కానీ మీరు మాకు నమ్మకాన్ని అమ్మలేదు. ‘అంతర్జాతీయ క్లినికల్ పరిశోధనల్లో రుజువైన చికిత్స’ అని అచ్చువేసి అమ్మారు. ఆ పరిశోధనలు చెప్పినదాంట్లో మీకు అనుకూలమైన ముక్కను మాత్రమే ఉంచి, మిగతాది కత్తిరించారు. ఒక తల్లిగా, పదో తరగతి పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయురాలిగా నేను దీన్ని చూసీచూడనట్టు వదిలేయలేను.

మీ కరపత్రం రెండు అధ్యయనాలను పేర్కొంది. మొదటిది 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన సమీక్ష. ఫలితాలు పోల్చి చూడగలిగిన 105 ప్రయోగాల్లో 81 హోమియోపతికి అనుకూలంగా ఉన్నాయన్న వాక్యాన్ని మీరు పెద్ద అక్షరాల్లో వేశారు. ఆ ప్రయోగాల్లో ఎక్కువ భాగం నాసిరకంగా జరిగాయని, ప్రతికూల ఫలితాలు వచ్చినవి అసలు అచ్చుకే నోచుకోకపోయి ఉండవచ్చని, అందువల్ల ఖచ్చితమైన నిర్ణయానికి రాలేమని అదే రచయితలు అదే వ్యాసంలో రాశారు. రెండవది 1997లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన, 89 ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన విశ్లేషణ. హోమియోపతి ఫలితాలను కేవలం ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి గుళిక) ప్రభావంగా కొట్టివేయలేమని అందులో ఉన్నమాట నిజమే. అయితే ఏ ఒక్క జబ్బుకైనా హోమియోపతి స్పష్టంగా పనిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని కూడా అక్కడే ఉంది. పైగా ఆ పరిశోధకులే రెండేళ్ళ తర్వాత, 1999లో, తమ లెక్కలను తిరిగి పరిశీలించి, ప్రయోగం ఎంత పకడ్బందీగా జరిగితే ఫలితం అంత తగ్గుతోందని, తమ మొదటి విశ్లేషణ ప్రభావాన్ని ఎక్కువ చేసి చూపిందని బాహాటంగా చెప్పారు. తమ లెక్కను తామే సరిదిద్దుకున్న ఆ నిజాయితీ నాకు ఎంతో గౌరవనీయంగా కనిపిస్తుంది. మీ కరపత్రం మాత్రం 1997 దగ్గరే ఆగిపోయింది.

ఆ తర్వాత వచ్చినవి చిన్న విషయాలు కావు. 2005లో బెర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 110 హోమియోపతి ప్రయోగాలను, వాటికి సరిజోడైన 110 అల్లోపతి ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూశారు. పెద్దవి, నాణ్యమైనవి మాత్రమే ఏరి చూసినప్పుడు హోమియోపతి ప్రభావం ప్లాసిబోకు మించి నిలబడలేదు. 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి 61 ఆరోగ్య సమస్యలను పరిశీలించి, హోమియోపతి పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం వాటిలో ఏ ఒక్కదానికీ లేదని తేల్చింది. ఈ రెండు నివేదికల పద్ధతిని విమర్శించినవారు ఉన్నారు. 2014లో వచ్చిన మరో సమీక్షలో, రోగి లక్షణాలను బట్టి విడివిడిగా ఎంచి ఇచ్చే మందులకు కొద్దిపాటి ప్రభావం కనిపించిందని కూడా నేను చదివాను, ఆ ప్రయోగాల నాణ్యత తక్కువగా ఉన్నందున ఫలితాన్ని జాగ్రత్తగా తీసుకోవాలని దాని రచయితలు హెచ్చరించారు. మీరు ఈ వాదప్రతివాదాలన్నీ అచ్చువేసి, నిర్ణయం మాకు వదిలేసి ఉంటే నేను తప్పుపట్టేదాన్ని కాదు.

ఇక మా అమ్మాయికి ఉన్నది ఉబ్బసం. ఉబ్బసంపైనే ప్రత్యేకంగా జరిగిన పరిశోధన ఉన్నప్పుడు మీ కరపత్రం దాని ఊసే ఎందుకు ఎత్తలేదు? 2003లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో ఉబ్బసం ఉన్న 96 మంది పిల్లలకు, వారి మామూలు మందులు కొనసాగిస్తూనే, కొందరికి హోమియో మందు, మిగతావారికి మందు లేని గుళికలు ఇచ్చి ఏడాదిపాటు చూశారు. పిల్లల జీవన నాణ్యతలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వైద్య పరిశోధనలను కూడగట్టి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2004 నాటి సమీక్ష, 556 మంది పాల్గొన్న ఆరు ప్రయోగాలను చూసి, ఉబ్బసంలో హోమియోపతి పాత్రను నిర్ధారించేంత ఆధారం లేదని చెప్పింది. థొరాక్స్ ప్రయోగంలోని పిల్లల చేత ఎవరూ మామూలు మందులు మాన్పించలేదన్న సంగతిని మీ వైద్యులు గమనించాలి. మీ శాఖలోని వైద్యుడు మాత్రం, ‘ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ అలవాటైపోతుందమ్మా, మెల్లగా మానేయించండి, మా గుళికలు చాలు’ అని చెప్పారు. చెప్పినట్టే చేశాం. చలికాలం మొదలవగానే అమ్మాయికి పిల్లికూతలు తిరగబెట్టాయి. ఒక రాత్రి డొక్కలు ఎగరేస్తూ, మాట పూర్తిగా పలకలేని స్థితిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నెబులైజర్ పెట్టి, ఆక్సిజన్ ఇచ్చి నిలబెట్టారు.

అక్కడి డ్యూటీ డాక్టర్ ఏం మందులు వాడుతున్నారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మీరిచ్చిన సీసా మీద మందు పేరు లేదు, దాన్ని ఎన్నిసార్లు పలచన చేశారో తెలిపే పొటెన్సీ లేదు, తయారీ తేదీ లేదు, తెల్లకాగితం ముక్క మీద బాల్‌పెన్‌తో రాసిన ‘3’ అన్న అంకె ఒక్కటే ఉంది. తర్వాత శాఖకు ఫోన్ చేసి పట్టుబడితే అది 30సీ పొటెన్సీ అని చెప్పారు. ఒక పాలు మందును 99 పాళ్ళ ద్రావణంలో కలిపి కుదిపి, అందులో ఒక పాలు తీసి మళ్ళీ 99 పాళ్ళలో కలుపుతూ 30 సార్లు చేస్తే, 1 పక్కన 60 సున్నాలంత పలచన అవుతుంది. అవగాడ్రో సంఖ్యను (ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల సంఖ్యను) బట్టి, ఇలా 12 సార్లు పలచన చేసిన 12సీ దాటేసరికే మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. ఈ సంఖ్యను నేను ఏటా తరగతిలో బోధిస్తాను. పిల్లకు ఏమిచ్చారో తల్లికి తెలియకుండా దాచడం మాత్రం ఏ వైద్య పద్ధతికీ తగదు.

మరొక ముఖ్యమైన విషయం ఆ వైద్యుడి అర్హత. చీటీ మీది ముద్రలో బి.ఎన్.వై.ఎస్. అని, అంటే ప్రకృతి వైద్య, యోగ శాస్త్రాల పట్టా అని ఉంది. మన దేశంలో ప్రకృతి వైద్యం మందులు లేని వైద్యంగానే పేరు తెచ్చుకుంది. గాంధీజీ 1946లో ఉరుళి కాంచన్‌లో మొదలుపెట్టిన ఆశ్రమంలోనైనా, తెలుగునాట పేరున్న ప్రకృతి చికిత్సాలయాల్లోనైనా మట్టిపట్టీలు, తొట్టిస్నానాలు, ఉపవాసం, పథ్యాహారమే చికిత్స. హోమియో మందులు రాయాలంటే 2020 నాటి జాతీయ హోమియోపతి కమిషన్ చట్టం కింద నమోదై ఉండాలి. అమెరికాలో ప్రకృతి వైద్యులు హోమియోపతి వాడుతున్నారని మీ కరపత్రం గొప్పగా చెప్పుకుంది. అక్కడి ప్రకృతి వైద్య కళాశాలల్లో హోమియోపతి బోధిస్తారన్నది వాస్తవమే, కాని బోధించడం వేరు, పనిచేస్తుందని రుజువు కావడం వేరు. అదే అమెరికాలో, తప్పుడు ప్రకటనలను అరికట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో, దుకాణాల్లో అమ్మే హోమియో మందుల ప్రకటనలకు కూడా ఇతర ఆరోగ్య ప్రకటనలకు కావలసినంత శాస్త్రీయ ఆధారమే ఉండాలని ప్రకటించింది. అమెరికాను సాక్ష్యానికి పిలిచినప్పుడు ఈ సంగతి కూడా చెప్పి ఉండవలసింది.

కాబట్టి నేను కోరుతున్నది ఇది. ప్యాకేజీకి మేము ఒకేసారి చెల్లించిన రూ. 28,000 తిరిగి ఇవ్వండి, దానితోపాటు ఆసుపత్రి ఖర్చు కూడా చెల్లించండి. మా అమ్మాయికి ఇచ్చిన ప్రతి మందు పేరు, పొటెన్సీ రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ కరపత్రాన్ని అన్ని శాఖల నుంచీ వెనక్కి తీసుకోండి. అన్నిటికంటే ముందు, ఉబ్బసం ఉన్న ఏ బిడ్డకూ ఇన్‌హేలర్ మానమని మీ వైద్యులెవరూ చెప్పకూడదని ఈ వారమే లిఖిత ఆదేశం పంపండి. డబ్బు విషయం ఆలస్యమైనా నేను ఓర్చుకోగలను, ఇది ఆలస్యం కావడానికి వీల్లేదు. ఇప్పుడు కూడా మీ శాఖల్లో ఎవరో ఒక తల్లి ఆ మాట విని తల ఊపుతూ ఉండవచ్చు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా రాతపూర్వక సమాధానం రాకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. తప్పుదోవ పట్టించే ప్రకటన గురించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు విడిగా ఫిర్యాదు చేస్తాను.

జతపరచినవి: రసీదు, మందుల చీటీ, కరపత్రం, సీసా ఫొటో, ఆసుపత్రి డిశ్చార్జి పత్రాల నకళ్ళు.

భవదీయురాలు,
రోగి తల్లి,
హనుమకొండ.