శనివారం హైదరాబాద్ నుంచి కారులో ఒక్కరే బెంగళూరు బయల్దేరే వాళ్లకు

అందరికీ నమస్కారం. మూడు నెలల పనికి సామానుతో వెళ్లేవాళ్లు శుక్రవారం సాయంత్రం 6కి కార్లు సెల్లార్‌లో పెట్టండి, కలిసి చూసుకుందాం.

ముందు స్టెప్నీలో (అదనపు టైరులో) గాలి పట్టించండి. చాలా కార్లలో అది డిక్కీ అడుగునే ఉంటుంది. పంక్చరైతే పరుపు, కుక్కరు, బియ్యం బస్తా అన్నీ హైవే పక్కన దించాలి. అందుకే డిక్కీలో చప్పున దించగలిగే సంచులే పెట్టండి. బరువులు వెనక సీటు ముందు, కింద. జాకీ, వీల్ పానా చేతికందేలా.

టైర్లు చల్లగా ఉండగానే, డోరు స్టిక్కర్‌లోని ఫుల్ లోడ్ అంకె ప్రకారం గాలి కొట్టించండి.

గ్యాస్ సిలిండర్ మాత్రం వద్దు, దయచేసి.

తెల్లారి 5కి బయల్దేరితే 570 కిలోమీటర్లూ వెలుతుర్లోనే అయిపోతాయి. కర్నూలు, అనంతపురంలో కారు ఆపాక గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి.

ఫాస్టాగ్ రీచార్జ్ మర్చిపోకండి. హైవే హెల్ప్‌లైన్ 1033.