చేప ప్రసాదం సరే, ఇన్‌హేలర్ ఆపవద్దని సర్కారు చెప్పాలి

సంపాదకులకు,

సిద్దిపేటలో మందుల దుకాణం నడుపుతున్నాను. మృగశిర కార్తె వెళ్లాక మా దగ్గర నెలనెలా ఇన్‌హేలర్ కొనే వారిలో కొందరు కనిపించరు. హైదరాబాద్‌లోని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి వెళ్లి, ఉబ్బసం తగ్గుతుందని ఇచ్చే చేప ప్రసాదం తీసుకుని వచ్చినవారే వాళ్లు.

ఆ ప్రసాదం ఇచ్చే బత్తిని కుటుంబం మీద నాకు అభ్యంతరం లేదు. 1845 నుంచి తమ వంశంలో వస్తున్న మందని చెబుతారు, ప్రసాదానికి పైసా తీసుకోరు. కొర్రమీను పిల్ల నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి, బతికున్న చేపనే మింగిస్తారు. శాకాహారులకు బెల్లంలో ఇస్తారు. నమ్మినవారు తీసుకుంటారు. నా బాధంతా ప్రభుత్వంతోనే. మత్స్యశాఖ చేపపిల్లలను సమకూర్చి అమ్ముతుంది, పోలీసులు బందోబస్తు చేస్తారు, మంత్రులు వచ్చి ప్రారంభిస్తారు. వేలమంది చేరే చోట బారికేడ్లు, తాగునీరు ఏర్పాటు చేయడం సర్కారు బాధ్యతే. కానీ జనం దాన్ని ఏర్పాటుగా చూడరు, హామీగా చూస్తారు.

కొడుకుకు రోజూ పీల్పించాల్సిన మందు ఆపేసిన ఒక తల్లిని ఎందుకమ్మా అని అడిగాను. "మాకు తెలియకపోవచ్చు అన్నా, సర్కారుకు కూడా తెలియదా? మంత్రిగారే దగ్గరుండి ఇప్పించారు కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఉబ్బసంలో ఆయాసం వచ్చిపోతుంటుంది. రోజూ పీల్చే మందు ఆపిన మర్నాడే ఆయాసం రాదు. ఆ మందు అణచిపెట్టిన వాపు శ్వాసనాళాల్లో మెల్లగా తిరగబెడుతుంది. ఆ నాలుగు రోజులూ హాయిగా ఉండేసరికి చేపే పనిచేసిందనిపిస్తుంది. వానలు ముదిరి జలుబు పట్టుకోగానే అసలు సంగతి బయటపడుతుంది. ఆ పిల్లవాడికీ అదే జరిగింది. నేను షట్టరు దించే వేళకు తండ్రి మోటారు సైకిల్ మీద తీసుకొచ్చాడు. శ్వాస తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది, పేరు అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోయాడు. తక్షణ ఉపశమనానికి వాడే ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో (మందు సరిగా లోపలికి వెళ్లేందుకు ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పట్టించి ఆసుపత్రికి పంపాం. దేవుడి దయ, బతికాడు.

ఈ మందుకు శాస్త్రీయ రుజువేదని సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వారు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే వరుసలో నిలబడినవారిని మూఢులని ఈసడించేవారితో నేను ఏకీభవించను. ఆ తల్లికి ఇన్‌హేలర్ రాసిచ్చిన డాక్టరు అది ఎందుకో, ఎన్నాళ్లో చెప్పలేదు. అలవాటైపోతుందని ఆమె భయం. పెళ్లి కావాల్సిన అమ్మాయి ఉంటే, ఎవరికీ కనపడకుండా కాగితంలో చుట్టి ఇమ్మని అడిగే ఇళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. విడమరచి చెప్పేవారు లేనిచోట జనం ధైర్యం చెప్పేవారి దగ్గరికే వెళతారు.

ప్రసాదాన్ని ఆపమని నేను కోరడం లేదు. చేపపిల్లలు అమ్మే కౌంటర్ల దగ్గరే తెలుగు, ఉర్దూ, హిందీ భాషల్లో "మీరు వాడుతున్న ఇన్‌హేలర్ ఆపవద్దు" అని పెద్ద అక్షరాలతో బోర్డులు పెట్టించండి. మైకులో గంటగంటకూ అదే మాట చెప్పించండి. ప్రారంభించే మంత్రిగారు, ప్రసాదం ఇచ్చే పెద్దలు తమ నోటితో ఆ మాట అంటే మాలాంటివారు వందసార్లు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. ఛాతీ వైద్యులను అక్కడే కూర్చోబెట్టి, మందు ఎలా పీల్చాలో చూపించాలి. వైద్య ఆరోగ్యశాఖ కార్తెకు ముందే ఆదేశాలిస్తే, సిద్దిపేట బస్టాండులో కరపత్రాలు పంచే పని నేను తీసుకుంటాను.

– ఒక మందుల దుకాణదారు, సిద్దిపేట