మంచు కమ్మిన ఇంట ఉప్పుడుపిండి

సంపాదకులకు నమస్కారం.

2016 జనవరి 22–24 తేదీల మంచుతుపానులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27 అంగుళాలకు పైగా మంచు పడి, న్యూజెర్సీలో రైళ్లు, బస్సులు నిలిచిపోయినప్పుడు, ఎడిసన్‌లోని మా ఇంట్లో కూరగాయలు నిండుకున్నాయి. ఆ రెండు రోజులూ మమ్మల్ని ఆదుకున్నది అమ్మ నేర్పిన ఉప్పుడుపిండే. పోపులో ఇంగువ, ఎండుమిరప వేగాక, గ్లాసు బియ్యపురవ్వకు రెండు గ్లాసుల చొప్పున నీళ్లు పోసి, నానిన పెసరపప్పు గుప్పెడు వేసి, ఎసరు మరిగాక రవ్వ కలిపి సన్నసెగన మగ్గనిస్తే, మందపాటి గిన్నె అడుగున ఎర్రగా కట్టిన మాడు కోసం ఇక్కడే పుట్టిన మా పిల్లలు పోటీపడ్డారు. నంజుకోవడానికి మాగాయ, ఆపైన మిరియాల చారు. ఆ వేడి, ఆ ఇంగువ వాసన ఇల్లంతటినీ ఒక్కచోట కూర్చోబెట్టాయి.

పచ్చి కూరలు అక్కరలేని ఇటువంటి వంటలను, మంచులో చిక్కుకున్న మావంటివారికీ, తుపాను రోజుల్లో మన కోస్తావాసులకూ ఉపయోగపడేలా మీ వంటల పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. కరెంటు పోయినప్పుడు మూసిన ఇంట్లో బొగ్గుల కుంపటి వెలిగించరాదనీ, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుందనీ వాటితోపాటే దయచేసి ముద్రించండి.

– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ