ఫొటోలో రంగు, చేతిలో రంగు: మా రెండు తెరల ఫోను గురించి కస్టమర్లకు ఓ మాట

మా దగ్గర చీరలు కొనే అమ్మలకు, అక్కయ్యలకు, మేడమ్‌లకు నమస్కారం.

ఈ మధ్య మీలో చాలామంది ఒకే మాట అడుగుతున్నారు. "ఫొటోలో చూసిన రంగొకటి, పార్సిల్ విప్పితే కనబడిన రంగొకటి. ఎందుకలా?" అని. ముఖ్యంగా వంకాయ రంగు, నెమలికంఠం రంగు తీసుకున్నవాళ్లు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి వివరంగా రాద్దామనిపించింది. ఇందులో మేం ఫొటో తీసే ఫోను పాత్ర ఉంది, మీరు చూసే ఫోను పాత్రా ఉంది. ఈ దసరా స్టాకు నుంచి మేం ఫొటోలు తీసే పద్ధతి, రంగు ఖాయం చేసుకునే పద్ధతి రెండూ మారుతున్నాయి.

మంగళగిరిలో మా షాపుకి వచ్చినవాళ్లు మా ఫోను చూసే ఉంటారు. రెండు తెరలతో పుస్తకంలా తెరుచుకుంటుంది. ఎల్‌జీ జీ8ఎక్స్. 2019 డిసెంబర్‌లో మన దేశంలో 49,999 రూపాయలకు వచ్చిన ఫోను, 2020 దసరా ముందు ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్‌లో 19,990కి పెట్టారు. అప్పుడు తీసుకున్నాం. కరోనా వల్ల షాపుకి మనిషి రావడం తగ్గి, అమ్మకమంతా వాట్సాప్ మీదికి మారిన రోజులవి. ఒక తెర మీద కెమెరా, రెండో తెర మీద మీ మెసేజ్‌లు. మీరు "కొంగు ఇంకొంచెం పరచండి", "అంచు దగ్గరగా చూపించండి" అని రాస్తుంటే కెమెరా మూయకుండానే చదువుకుని వెంటనే తీసి పంపగలిగాం. మామూలు ఫోనుతో అయితే కెమెరాలోంచి వాట్సాప్‌కి, వాట్సాప్‌లోంచి కెమెరాకి తిరగడమే సరిపోయేది. ఈలోగా అడిగినావిడ ఇంకో షాపు చూసుకునేది. అందుకే ఎల్‌జీ కంపెనీ 2021లో ఫోన్ల వ్యాపారం మొత్తం మానేసినా, మేం మాత్రం ఈ ఫోను వదల్లేదు.

ఇంకో ఉపకారం, అది నిలబడుతుంది. సగం తెరిచి బల్ల మీద పెడితే స్టాండ్ అక్కర్లేదు. మా ఆయన కొంగు పట్టుకుంటారు, నేను కుచ్చిళ్లు సర్దుతాను, ఫోను దానంతటదే ఎదురుగా నిలబడి ఉంటుంది. వీడియో కాల్స్‌కి ఇంతకంటే సుఖం లేదు.

ఇబ్బందులూ చెప్పాలి. రెండో తెర ఉండే కేసుతో కలిపితే ఫోను 325 గ్రాముల పైమాటే. ఒక చేత్తో చీర, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని అంచు దగ్గరగా తీస్తుంటే కాసేపటికి మణికట్టు లాగేస్తుంది. రెండో తెరని పూర్తిగా వెనక్కి మడిస్తే అది వెళ్లి వెనక కెమెరాల మీదే కూర్చుంటుంది, ఇక ముందు కెమెరాయే గతి. సగం వెనక్కి మడిచి, చుట్టూ ఎక్కువ మేర కవర్ చేసే వైడ్ కెమెరా పెడితే తెర అంచు ఫొటోలోకి వచ్చేస్తుంది. పూర్తిగా పరిచి చీర మీదికి వంచితే రెండు తెరల నీడ గుడ్డ మీద పడుతుంది. సాయంత్రం పూట తెల్లచీర మీద మరీ కష్టం. రెండో తెరలోని వెలుగు నీలంగా గుడ్డ మీదికి దిగుతుంది, తెల్లటి కోరా గుడ్డకి నీలిమందు పెట్టినట్టు కనిపిస్తుంది. దగ్గరగా తీయాల్సినప్పుడు ఇప్పుడు రెండో తెర ఆర్పేసి తీస్తున్నాం.

ఇక రంగు సంగతి. ఇది మాకు బాగా అర్థమైంది ఈ రెండు తెరల వల్లనే.

ఒకావిడ షాపులో చాప మీద కూర్చుని ఉంది. ఒళ్లో వంకాయ రంగు చీర, సన్నటి గోపురాల వరస ఉండే నిజాం అంచు. వాళ్ల చెల్లెలికి పంపడానికి ఫొటో తీయమంది. తీసి అదే ఫొటోని రెండు తెరల మీదా తెరిచాను. ఎడమ పక్కన చీర నీలానికి దగ్గరగా ఉంది, కుడి పక్కన కాస్త ఎరుపు తిరిగి ఉంది. ఒళ్లో ఉన్న అసలు చీర ఆ రెండింటికీ మధ్యలో, ఇంకాస్త ముదురుగా ఉంది. ఒకటే చీర, ఒకటే ఫొటో, మూడు రంగులు. "మరి మా చెల్లి ఫోనులో ఎలా కనిపిస్తుంది?" అందావిడ. అడగాల్సిన ప్రశ్న అదే. అది నాలుగో రంగు.

ఏ రెండు తెరలూ నూటికి నూరు పాళ్లు ఒకలా ఉండవు. అందులోనూ మా ఫోనులో ఒక తెర రోజంతా వెలుగుతూ పాతబడింది, రెండోది అవసరానికే వెలిగింది. మీ ఇంట్లో రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి మా చీర ఫొటో తెరిచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

తెరల కంటే ముందు కెమెరా దగ్గరే కొన్ని రంగులు చిక్కుపెడతాయి. అన్నీ కాదు. గంధం రంగు, మెంతి రంగు, మామిడిపండు రంగు, ముదురు ఆకుపచ్చ, ఇవి దాదాపు ఉన్నదున్నట్టు వస్తాయి. వంకాయ రంగు రాదు. మన కన్ను రంగుని పట్టే తీరు వేరు, కెమెరా సెన్సర్ పట్టే తీరు వేరు. నీలం, ఎరుపు కలిసే చోట ఆ తేడా బయటపడుతుంది, ఊదా రంగులు నీలంలోకి జారిపోతాయి. రాణీ రంగుది ఇంకో గొడవ. అందులో ఎరుపు ఎంత ఎక్కువంటే కెమెరా లెక్కలో అది నిండిపోయి పైకి పొంగుతుంది. అప్పుడు మడతలు, నీడలు అన్నీ మాయమై పెయింట్ పూసినట్టు చదునుగా కనిపిస్తుంది. నెమలికంఠంలో ఉండే ఆ నీలం-పచ్చ మెరుపుని మామూలు ఫొటో ఫార్మాట్, మామూలు తెర పూర్తిగా చూపించలేవు. వాటికున్న రంగుల పరిధి అంతవరకే. ఎంత ఖరీదైన ఫోను కొన్నా ఈ మూడు రంగుల దగ్గర కొంత తేడా ఉంటుంది.

డబుల్ షేడ్ చీరలు అడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేస్తారు కాబట్టి ఆ చీరకి అసలు ఒకే రంగు లేదు. నిటారుగా చూస్తే ఒకటి, పక్కనుంచి చూస్తే ఇంకోటి. ఒక్క ఫొటోలో దాన్ని చూపించడం ఎవరి వల్లా కాదు. ఇకనుంచి డబుల్ షేడ్ చీరకి ఫొటో కాకుండా చీరని నెమ్మదిగా కదిపే చిన్న వీడియోనే పంపుతాం.

చిన్న గళ్ల చీరల మీద అలలు అలలుగా రంగులు తేలుతున్నాయని ఒకరిద్దరు అడిగారు. అది నేతలో లోపం కాదు. సన్నటి గళ్లు, కెమెరాలోని సన్నటి చుక్కల వరసలు ఒకదానిమీద ఒకటి పడినప్పుడు అలా వస్తుంది. ముందు ఫొటోని నొక్కి పెద్దది చేసి చూడండి, చాలాసార్లు అలలు పోతాయి. పోకపోతే మాకు చెప్పండి, కాస్త దూరం మార్చి ఇంకోటి తీసి పంపుతాం.

జరీ గురించి కూడా. కెమెరా తనంతట తాను వెలుతురు సర్దుకునేటప్పుడు జరీ మెరుపుని చూసి చీర మొత్తాన్ని నల్లబరుస్తుంది. లేదా చీరని సరిగ్గా చూపించి జరీని తెల్లగా కాల్చేస్తుంది. బంగారు జరీ వెండి జరీలా కనిపించేది అందుకే. అంచుకి ఎప్పుడూ విడి ఫొటో తీస్తున్నాం. అందులో చీర రంగు చూడకండి, అంచు మాత్రమే చూడండి.

ఇప్పుడు మారేవి. షాపులో ట్యూబ్‌లైట్ కింద ఫొటోలు ఇక ఉండవు. గుమ్మంలోంచి పగటి వెలుగు, పైనుంచి ఎల్ఈడీ కలిసిపోతే కెమెరాకి ఏది తెలుపో తెలియక తికమక పడుతుంది. పైగా చవకరకం ఎల్ఈడీ దీపాల కింద ముదురు ఎరుపులు చచ్చిపోతాయి. ఇకపై అన్ని ఫొటోలూ ఉదయం పూట మా వసారాలో, ఎండ నేరుగా పడని చోట, లైట్లన్నీ ఆర్పేసి తీస్తాం. కెమెరాని మాన్యువల్‌లో పెట్టి తెలుపు లెక్కని (వైట్ బ్యాలెన్స్) 5500 కెల్విన్ దగ్గర కదలకుండా ఉంచుతాం, చీర చీరకీ అది మారిపోకూడదు. ప్రతి ఫొటోలో చీర పక్కన ఒక తెల్ల కాగితం కనిపిస్తుంది. అది మీ కోసం. ఆ కాగితం మీ ఫోనులో పసుపుగానో నీలంగానో కనిపిస్తే, చీర రంగు కూడా అటే జరిగిందని లెక్క వేసుకోవచ్చు. ఫిల్టర్లు మేం ఎప్పుడూ వాడలేదు, ఇకముందూ వాడం.

ఫొటోలు హెచ్‌డీలో పంపుతాం. కాస్త ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఓపిక పట్టండి. మామూలుగా పంపితే వాట్సాప్ బాగా కుదించేస్తుంది, నిజాం అంచులోని సన్నటి గోపురాల వరస అలుక్కుపోతుంది.

మీ వైపు నుంచి చేయాల్సింది కొంచెం ఉంది. చీర ఫొటో చూసేముందు ఫోనులో కంటికి హాయి కోసం పెట్టుకునే పసుపు వెలుగు ఆపేయండి. ఐఫోన్‌లో నైట్ షిఫ్ట్, ట్రూ టోన్. ఆండ్రాయిడ్‌లో ఐ కంఫర్ట్ అనో, నైట్ లైట్ అనో ఉంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో వివిడ్ అని ఉంటే నేచురల్‌కి మార్చండి. రాత్రి పడుకునేముందు, లైటు ఆర్పేసి, మంచం మీద చీర రంగు ఖాయం చేయకండి. నచ్చింది పక్కన పెట్టమని మెసేజ్ పెడితే చాలు, మరునాడు పొద్దున్న పగటి వెలుతురులో ఇంకోసారి చూసేదాకా ఎవరికీ ఇవ్వం.

వంకాయ, రాణీ, నెమలికంఠం, డబుల్ షేడ్. ఈ నాలుగింటికీ వేరే ఏర్పాటు చేస్తున్నాం. మన దేశంలో ఉన్నవాళ్లు అడిగితే ఆ రంగు నూలు పోగులు చిన్న కార్డుకి చుట్టి పోస్టులో పంపుతాం, డబ్బులేం వద్దు. చేతిలో పట్టుకుని, మీ జాకెట్టు పక్కన పెట్టుకుని చూసుకుని అప్పుడు చెప్పండి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకి పోస్టు చేరేసరికి పండగే అయిపోతుంది. అందుకని మీకు మా ఉదయం వేళ వీడియో కాల్. డల్లాస్‌లో అప్పటికి రాత్రి అవుతుందని తెలుసు, కానీ మాకు పగటి వెలుగు కావాలి. కాల్‌లో చీర పక్కన మీ ఇంట్లో ఉండే వస్తువే ఏదైనా చూపించమని అడగండి. పచ్చి వంకాయ, పసుపు కొమ్ము, కరివేపాకు, ఏదైనా సరే. వాటి రంగు మీకు తెలుసు కాబట్టి చీర రంగు దాన్నిబట్టి పోల్చుకోవచ్చు. ఈ ఉపాయం ఒక కస్టమర్ అక్కయ్యే చెప్పారు, చాలా బాగా పనిచేస్తోంది.

ఇన్ని చేశాక కూడా రంగు మీరనుకున్నది కాకపోతే, ఫాల్ కుట్టించకముందు, మడత నలగకముందు వెనక్కి పంపండి. ఇక్కడిదాకా రవాణా ఖర్చు మాదే. విదేశాల నుంచి వెనక్కి తెప్పించుకోవడం మాకు మోయలేని ఖర్చు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాం. అందుకే మీకు వీడియో కాల్ తప్పనిసరి అంటున్నాం.

"కొత్త ఫోను కొనొచ్చు కదా" అని కొందరు ప్రేమగా అన్నారు. అమెరికా నుంచి మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ డుయో పంపుతానని ఒకరు అన్నారు కూడా. అదీ రెండు తెరలదే, కానీ 2020లో వచ్చిన మొదటి దానికి ఉన్నది ఒక్కటే కెమెరా. 2021లో వచ్చిన రెండోదానికి మూడు కెమెరాలు పెట్టారు గానీ, ఆ ఉబ్బు అడ్డొచ్చి తెరలు వెనక్కి ఆనేలా మడవవు. ఇప్పుడొచ్చే ఫోల్డ్ ఫోన్ల ధర మా మగ్గాల మీద నెలల తరబడి నేసే నూలుకి సరిపోతుంది. ఆ డబ్బు నూలు మీద పెట్టడమే మాకు న్యాయంగా అనిపిస్తుంది. మాకు అసలు భయం ఛార్జర్ గురించి. కేసులో ఉండగా ఈ ఫోనుకి మామూలు పిన్ను పట్టదు, అయస్కాంతంతో అతుక్కునే చిన్న ముక్క ఒకటి కావాలి. అది పాడైతే మళ్లీ దొరకడం కష్టం. అప్పటిదాకా ఇదే.

ఒక సాయం చేయండి. మా దగ్గర తీసుకున్న వంకాయ రంగు చీర మీ ఇంట్లో ఉంటే, ఉదయం కిటికీ దగ్గర, పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి మీ ఫోనుతో ఫొటో తీసి పంపండి. ఏ ఫోనో కూడా రాయండి. ఆ చీరల పోగులు మా దగ్గర దాచి ఉంచాం, పక్కన పెట్టి చూసుకుంటాం. ఏ ఫోను ఆ రంగుని ఎటు లాగుతోందో తెలిస్తే, ఈసారి మీరు అడిగినప్పుడు "మీ ఫోనులో కనబడేదానికంటే అసలు చీర కాస్త ఎరుపు, అక్కా" అని ముందే చెప్పగలం.